అతుకు కనబడని కడియం

నలభై తొమ్మిదేళ్ళ వయసులో నేను కమ్యూనిటీ కాలేజీలో చేరి, వెండి రేకును రంపంతో ఎలా కోయాలో మొదటి పాఠం విన్నాను. అప్పటికి నేను వెండి పని చేయబట్టి ఇరవై రెండేళ్ళు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదేనని తెలుసు. తెలిసే చేరాను. కోపంతో చేరాను. ఆ కోపం ఎందుకో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు కాబట్టి ముందు అదే చెబుతాను.

మా వారిది వెండి నగల షాపు. అంటే మా బావగారిదన్న మాట. బోర్డు మీద అన్నదమ్ములిద్దరి పేర్లూ ఉన్నా, మా ఆయన మాత్రం అన్నగారు ఎటు చూస్తే అటు చూసే మనిషి. ముందు గదిలో గాజు బల్ల, తూకం, కుర్చీ, వచ్చినవాళ్ళతో కబుర్లు: అదంతా బావగారిది. వెనక గది పనిది. మధ్యలో తెర. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నిప్పు మగవాళ్ళది, నీళ్ళు ఆడవాళ్ళవి. కాల్చడం, సాగగొట్టడం, అతకడం వాళ్ళు చేస్తారు. కాలి నల్లబడ్డ వస్తువును యాసిడ్ గిన్నెలో వేసి తెల్లబరచడం, కడగడం, తోమడం మేం చేస్తాం. ఎవరు పెట్టారో ఈ పద్ధతి, పెట్టినవాడు ఒక్కరోజు కూడా గిన్నెలు తోమి ఉండడు.

పన్నెండేళ్ళ క్రితం మా ఆయన చేతులు వణకడం మొదలైంది. టీ కప్పు సాసరు మీద పెట్టేటప్పుడు చప్పుడయ్యేది. తర్వాత తీగ మీద టంకం ముక్క నిలబెట్టడం కూడా చేతకాకుండా పోయింది. ఒక మధ్యాహ్నం తెర లాగి, మంట నా చేతికిచ్చి, పక్కన కూర్చుని నేర్పించారు. టంకాన్ని కాల్చకు, వెండిని కాల్చు, వెండి వేడెక్కితే టంకం తనంతట తానే పరిగెత్తుకొస్తుంది అన్నారు. మూడు నెలలకు నా అతుకు నిలబడింది. ఏడాదికి కనబడకుండా పోయింది. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి, నాకొచ్చిన పనిని రాదని చెప్పే వినయం నా దగ్గర లేదు.

షాపుకు పేరొచ్చింది ఆ అతుకుతోనే. అతుకు ఎక్కడుందో భూతద్దం పెట్టినా దొరకట్లేదండీ అని ముందు గదిలో మెచ్చుకునేవాళ్ళు. మా తాతల నాటి పనితనం అండీ అని బావగారు చెప్పేవారు. నేను తెర వెనక కూర్చుని వినేదాన్ని. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత రాలేదు.

బావగారికి తెలియదా అంటే, తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసిన సంగతిని పన్నెండేళ్ళ పాటు ఎవరూ పైకి అనకుండా మోయడం మా ఇంట్లో అందరికీ వచ్చిన చేతిపని.

కిందటేడు బావగారి అల్లుడు పనిలోకి వచ్చాడు. "చాలా కష్టపడ్డావమ్మాయ్, ఇక విశ్రాంతి తీసుకో" అన్నారు బావగారు, నాకేదో వరమిస్తున్నట్టు. అల్లుడు తెర పీకించి అద్దాల తలుపు పెట్టించాడు. మగవాడు కూర్చున్నాక దాచడానికి ఏముంది కనక. నేను మా ఆయన్ని అడిగాను, మీరేమంటారు అని. అన్నయ్య చెప్పాక ఇంకేముంది అన్నారు. ఆ రాత్రి అన్నం సయించలేదు నాకు. దుఃఖం అనుకునేరు, కాదు, ఒళ్ళుమంట.

పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు గోడ మీద కాగితం చూశాను. లోహపు పని, నగల తయారీ, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి. పదహారు వారాలు, సోమ, బుధవారాలు, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా. కింద చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. ఈ కోర్సు పాసైనవాళ్ళకు మాత్రమే కాలేజీ వర్క్‌షాపులో ఏడాది పాటు సొంతంగా పని చేసుకునే బల్ల ఇస్తారు, గ్యాసు మంటతో సహా. ఆ చిన్న అక్షరాలు రెండుసార్లు చదివాను. నాకు సర్టిఫికెట్టు అక్కర్లేదు. నాకు నిప్పు కావాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఇంట్లో ఆడనివ్వనప్పుడు రచ్చకే పోతాను, తప్పేముంది?

దరఖాస్తులో గత అనుభవం అన్నచోట 'ఇంటి పని' అని రాశాను. గుమాస్తా దాన్ని చదివి, పాపం వంటింటి నుంచి వచ్చింది అనుకుని, యాసిడ్ దగ్గర జాగ్రత్తమ్మా అని చెప్పి పంపించాడు.

మా మేడం నాకంటే పదేళ్ళు చిన్న. రెండో వారమే పట్టేసింది. నేను మంట పట్టుకున్న తీరు చూసి పక్కకు పిలిచి, మీరు ఇదివరకే చేశారు కదా, ఈ క్లాసులో ఎందుకు చేరారు అంది. పాసవ్వకపోతే బల్ల ఇవ్వరట కదా మేడం అన్నాను. నవ్వింది. తెలిసినవాళ్ళు రాకూడదని రూలేమీ లేదంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పింది. ఆఖరి వస్తువు మొదలు నుంచి చివరిదాకా ఇదే గదిలో, మన చేత్తోనే తయారవ్వాలి. ఇంకొకరి చెయ్యి పడిందని తేలితే ఫెయిలు, బల్ల సంగతి మర్చిపోవాల్సిందే.

నా పక్క బల్ల మీద రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన ఉండేవాడు. మొదటి వారమే ఆయనొక ఘనకార్యం చేశాడు. యాసిడ్ గిన్నెలో వస్తువు ముంచినా, తీసినా రాగి పట్టకారుతోనే చేయాలి. ఆయన ఇనప పట్టకారు ముంచాడు. పాత యాసిడ్‌లో రాగి కరిగి ఉంటుంది, అందులో ఇనుము తగిలిందా, ఆ రాగంతా వచ్చి వెండికి పట్టుకుంటుంది. ఆ రోజు క్లాసులో పన్నెండు మంది ఉంగరాలూ గులాబీ రంగు తేలాయి. మేడం తిట్టలేదు, తోమితే పోతుందని చెప్పి మళ్ళీ పాఠం చెప్పింది. అప్పటి నుంచి ఆయన్ను అందరం గులాబీ అన్నయ్య అనేవాళ్ళం. ఆయన కూడా ఫోనులో ఆ పేరే చెప్పుకునేవాడు.

నా ఆఖరి వస్తువుగా కడియం చేశాను. మూడు వెండి తీగలు కలిపి మెలిపెట్టి, గుండ్రంగా వంచి, రెండు కొసలూ అతకడం. చూడ్డానికి తేలిక. చిక్కంతా అతుకు దగ్గరే. మూడు తీగల మధ్య పల్లాలుంటాయి. టంకం కాస్త ఎక్కువైనా ఆ పల్లాల్లోకి దిగి పూడ్చేస్తుంది, మెలిక చెరిగిపోతుంది. తక్కువైతే అతుకు ఊడుతుంది. ఆవగింజలో సగం టంకం, సరైన చోట, సరైన ఎరుపు దగ్గర. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది నాకు. మేడం దాన్ని వేళ్ళ మధ్య రెండు చుట్లు తిప్పి, అందరి వస్తువులతో పాటు వరండాలో అద్దాల బీరువాలో పెట్టింది. ఫలితాలు వారంలో అన్నారు.

ఆ వారంలోనే మా షాపుకొచ్చే పెద్దావిడ ఒకరు మనవరాలి ఫీజు కట్టడానికి కాలేజీకి వచ్చింది. బీరువాలో కడియం చూసింది. తిన్నగా షాపుకు వెళ్ళి, మీ చేతి అతుకు నేను గుర్తుపట్టానండీ, కాలేజీలో కూడా పెట్టారే అని బావగారిని పొగిడింది. బావగారు మర్నాడే వచ్చి బీరువా ముందు నిలబడ్డారట. కడియం పక్కన చీటీ మీద నా పేరు.

అక్కడ ఆయనకు రెండే దారులు. ఆ కడియం నాదంటే షాపు అతుకు పన్నెండేళ్ళుగా నాదని ఒప్పుకున్నట్టే. లేదా కడియం నాది కాదనాలి. ఆయన రెండోది పట్టుకున్నారు. ఈ కడియం మా షాపులో మొదలు నుంచి చివరిదాకా నేను స్వయంగా చేసినది, మా మరదలు తెచ్చి తనదని పెట్టింది, మా షాపు పేరు చెడుతోంది అని ప్రిన్సిపాల్‌కు కాగితం రాసిచ్చారు. కింద సాక్షిగా మా ఆయన సంతకం. ఆ సంతకం గీతలు వణికాయి. చేతులు వణికే రాశారో, మనసు వణికి రాశారో నేనడగలేదు.

బుధవారం మూడింటికి మమ్మల్నందరినీ ప్రిన్సిపాల్ తన గదిలో కూర్చోబెట్టారు. ఆయనకు వెండికీ స్టీలుకూ తేడా తెలియదు, కానీ కాగితం మీద రాసిందాన్ని గౌరవించే మనిషి. ముప్పై అయిదేళ్ళ అనుభవమున్న పనివాడు రాతపూర్వకంగా ఇచ్చాక కాదనడం ఎలా అన్నారు. నా కళ్ళ ముందే చేసిందండీ అంది మేడం. శనివారాలు గది తెరిచే ఉంటుంది కదా, మీరు లేనప్పుడు ఏం జరిగిందో మీకు తెలుసా అన్నారాయన. మేడం నిజాయితీపరురాలు, తెలియదంది. అప్పుడు ప్రిన్సిపాల్ మా ఆయన్ని అడిగారు, కడియం ఎవరు చేశారు అని.

మా ఆయన నేల మీది పలకల కేసి చూశారు. "అన్నయ్య చెప్పారు కదండీ" అన్నారు.

ఇరవై రెండేళ్ళ కాపురం. అక్కడే ఏడ్చేసేదాన్ని, కానీ అప్పుడే బావగారు, ఆడవాళ్ళకు సరదా ఉండొచ్చు సార్, నిప్పు పని వేరు, అని చిన్నగా నవ్వారు. ఆ నవ్వు నన్ను లేపి నిలబెట్టింది. ప్రిన్సిపాల్ బల్ల మీదున్న కడియం తీసుకుని, వర్క్‌షాపుకు రండి అన్నాను. అడగలేదు, చెప్పాను. అందరూ లేచి నా వెనక వచ్చారు, ప్రిన్సిపాల్‌తో సహా.

మేడం లేకపోయినా క్లాసులో అందరూ పనిలో ఉన్నారు. నన్నూ బావగార్నీ చూసి అందరూ ఆకురాళ్ళు కింద పెట్టేశారు. నేను కడియాన్ని బల్ల అంచుకున్న వైసులో బిగించి, రంపం తీసుకుని, నాలుగు మధ్యాహ్నాల పనిని సరిగ్గా అతుకు మీదే కోసేశాను. మేడం అబ్బా అంది. నాకు కూడా ప్రాణం గిలగిలలాడింది, కానీ చెయ్యి ఆగలేదు.

"మీరు చేశారన్నారు కదా బావగారూ. అతికి చూపించండి" అన్నాను.

ఆయన వెనక్కి తగ్గలేదు. ఉన్నమాట చెప్పుకోవాలి, ఆయన చెయ్యి ఒకప్పుడు మంచి చెయ్యే. చొక్కా చేతులు మడిచి, టంకం పారడానికి వెలిగారం రాసి, టంకం కోసి, మంట అందుకున్నారు. పదేళ్ళయింది ఆయన మంట ముట్టుకుని. అయినా వెండి ఎరుపెక్కే వేళకు మంట దూరం జరిపిన తీరు చూసి, ఓడిపోయానేమో అనుకున్నాను. టంకం మెరిసి పారింది. అతుకు పడింది. ప్రిన్సిపాల్ నా కేసి జాలిగా చూశారు.

అప్పుడు బావగారు ఆ వేడి కడియాన్ని ఇనప పట్టకారుతో పట్టుకుని, తల తిప్పకుండా, చెయ్యి పక్కకు చాపారు.

షాపులో మంట ముందు కూర్చున్నన్నాళ్ళూ ఆయన అలాగే చాపేవారు. అక్కడెప్పుడూ ఒక ఆడమనిషి చెయ్యి ఉండేది. మా అత్తగారిది, తర్వాత మా తోటికోడలిది, తర్వాత నాది. ఆయన చూడక్కర్లేదు, అడగక్కర్లేదు. చాపితే చాలు, వస్తువును రాగి పట్టకారుతో అందుకుని యాసిడ్‌లో వేసి, తెల్లగా మెరిపించి తిరిగి ఆయన ముందు పెట్టేవాళ్ళం. నా కుడి చెయ్యి దానంతటదే లేచింది. ఎడం చేత్తో దాన్ని పట్టి కిందికి లాగాను. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఆయన చెయ్యి గాల్లో అలాగే ఉంది. ఒక క్షణం, రెండు క్షణాలు. అప్పుడు తల తిప్పారు. నన్ను చూశారు, నా కట్టుకున్న చేతుల్ని చూశారు. అందరూ చూస్తున్నారు. ఇక తప్పక ఆయనే యాసిడ్ గిన్నె దగ్గరికి నడిచి, కడియాన్ని ఆ ఇనప పట్టకారుతోనే ముంచి, అలా పట్టుకుని నిలబడ్డారు.

గులాబీ అన్నయ్య నోరు తెరిచి మూసుకున్నాడు. క్లాసులో ప్రతివాళ్ళకీ తెలుసు ఏం జరగబోతోందో. నేనూ చెప్పలేదు. చెప్పాల్సిందేమో. ఇన్నేళ్ళూ ఆయనకు చెప్పకుండానే అన్నీ చేసిపెట్టాం కదా, ఈ ఒక్కసారి చెప్పకుండానే వదిలేశాను.

పైకి తీసేసరికి కడియం గులాబీ రంగులో ఉంది.

ఆయన దాన్ని తిప్పి చూశారు, నీళ్ళలో కడిగారు, మళ్ళీ చూశారు. ఈ యాసిడ్ మంచిది కాదు అన్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. యాసిడ్ బాగానే ఉందండీ, పట్టకారే ఇనపది, మొదటి వారం పాఠం, నేను కూడా ఇలాగే తగలేశాను అన్నాడు గులాబీ అన్నయ్య, వెక్కిరింపు లేకుండా, సాటి మనిషికి చెప్పినట్టు. మేడం మెల్లిగా, మీ షాపులో ఈ పని ఎవరు చేసేవారండీ అని అడిగింది.

"అది ఆడవాళ్ళు చూసుకునేవాళ్ళు" అన్నారు బావగారు.

ప్రిన్సిపాల్ తన చేతిలోని ఫిర్యాదు కాగితం వంక చూసుకున్నారు. అందులో మొదలు నుంచి చివరిదాకా నేను స్వయంగా చేశాను అని ఉంది. అయినా ఆయన పట్టు వదల్లేదు, యాసిడ్ సంగతి సరే, అతుకు మాటేమిటి అన్నారు. అడగాల్సిన ప్రశ్నే.

నేను కడియాన్ని మళ్ళీ వైసులో బిగించాను. బావగారి అతుకుకు ఇటూ అటూ కోసి, ఆ ముక్కను తీసేశాను. సరిగ్గా ఒక పూర్తి మెలిక పొడవు, తీగకు తీగ ఎదురు రావాలి కదా. నా వస్తువులో ఇంకొకరి చెయ్యి ఉండకూడదని రూలు. తర్వాత కూర్చున్నాను. వెలిగారం, ఆవగింజలో సగం టంకం, మంట. అంతమంది చూస్తుండగా అతుకు వేయడం నాకు అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ తెర వెనకే కదా. చెయ్యి వణుకుతుందేమో అనుకున్నాను. వణకలేదు. వెండి ఎరుపెక్కింది, టంకం పరిగెత్తింది. రాగి పట్టకారుతో యాసిడ్‌లో వేసి, తీసి, కడిగి, గులాబీ పోయేదాకా బ్రష్షుతో తోమి, బావగారి చేతికిచ్చాను.

"అతుకు ఎక్కడుందో చూపించండి" అన్నాను.

ఆయన భూతద్దం తీసుకోలేదు. బొటనవేలి గోరు మెలికల మీద పెట్టి కడియాన్ని తిప్పడం మొదలుపెట్టారు. అబద్ధం ఆయన నోటికి వచ్చు, వేలికి రాదు. గోరు పల్లంలోకి దిగుతూ, ఎక్కుతూ, దిగుతూ ఒక చుట్టు పూర్తిచేసింది. ఎక్కడా ఆగలేదు. రెండోసారి నెమ్మదిగా తిప్పారు. మూడోసారి తిప్పబోయి మానేశారు. ప్రిన్సిపాల్ అందుకుని తన గోరుతో కూడా ఒకసారి గీకి చూసుకున్నారు, ఏదో అర్థమైనట్టు తలాడించారు.

"ఇది మా షాపు పనే" అన్నారు బావగారు. గొంతు తగ్గింది, మాట మాత్రం తగ్గలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

"అవును, షాపు పనే బావగారూ. పన్నెండేళ్ళుగా షాపు పనంటే నా పనే" అన్నాను.

ఇంట్లో ఎన్నడూ ఎవరూ పైకి అనని మాట అది. నలుగురిలో, పగటి వెలుగులో, గట్టిగా అన్నాను. ఆకాశమేమీ విరిగి మీద పడలేదు. బావగారు కాదనలేదు. ప్రిన్సిపాల్ ఫిర్యాదు కాగితం మీద ఏదో రాసి, మడిచి జేబులో పెట్టుకుని, బల్ల కోసం సోమవారం వచ్చి సంతకం పెట్టమ్మా అని నాతో చెప్పి వెళ్ళిపోయారు.

బావగారు చొక్కా చేతులు దించుకుని గుండీలు పెట్టుకుంటున్నారు. నేను వైసు కింద పడిన ఆ మెలిక ముక్కను వెతికి తీశాను. ఇంకా గులాబీగానే ఉంది. ఆయన అతుకు దాని మధ్యలో స్పష్టంగా కనబడుతోంది, పల్లాలన్నీ టంకంతో పూడిపోయి. దాన్ని ఆయన అరచేతిలో పెట్టాను.

"ఇది మీరు చేసింది. తీసుకెళ్ళండి" అన్నాను.

ఆయన దాన్ని చూసి, గుప్పిట మూసి, తలుపు దాటారు.

మా ఆయన వెంటనే వెళ్ళలేదు. నా బల్ల దగ్గరికి వచ్చి, వణికే చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. ఏదో చెప్పాలని వచ్చినట్టున్నారు. నేనూ ఎదురు చూశాను, నిజం చెప్పొద్దూ, చాలాసేపే చూశాను. చివరికి, ఇంటికి వెళ్దామా అన్నారు.

"మీరు వెళ్ళండి. నాకు ఐదింటి దాకా క్లాసుంది" అని చెప్పి మంట వెలిగించుకున్నాను.